ఆటలోంచి లేచిపోయినవాళ్లు

లేచిపోవడం అనే మాట వినపడగానే మన తెలుగు పాఠకులు చెవులు రిక్కిస్తారు. నవలలు రాసుకునే మనిషిని కనుక ఆ మాట ఖరీదు నాకు బాగా తెలుసు. నాయిక లేచిపోయిందని తెలిస్తే చాలు, ఆ వారం సంచిక చేతులు మారుతూ వీధి చివరిదాకా వెళుతుంది. కాని నేనిప్పుడు చెప్పబోయే లేచిపోవడంలో నాయికా లేదు, నాయకుడూ లేడు, అర్ధరాత్రి రైలూ లేదు, వెనకాల రొప్పుకుంటూ పరుగెత్తుకొచ్చే మేనమామా లేడు. ఒక కుర్చీ, ఒక కంప్యూటరు, చెవులకు తగిలించుకున్న మైకు, అంతే! అయిదుగురు కలిసి ఆడుతున్న ఆటలోంచి ఒకడు చడీచప్పుడూ లేకుండా లేచి వెళ్లిపోతాడు. మిగిలిన నలుగురూ నట్టేట మిగులుతారు.

ఇలా లేచిపోయేవాళ్లకు ఆటలు తయారుచేసే కంపెనీలు శిక్షలు రాసి పెట్టాయి. ఆ శిక్షల మీద ఒక విమర్శ రాయాలని నాకు చాలా కాలంగా వుంది. "నవలలూ కథాసంపుటాలూ అయిపోయాయా, పిల్లల ఆటల మీద పడ్డావు?" అని మా సాహితీమిత్రులు నవ్వితే నవ్వనివ్వండి. నవల చదివితే రచయిత మనసు తెలిసినట్టే, నిబంధన చదివితే దాన్ని రాసినవాడు మనుషుల గురించి ఏమనుకుంటున్నాడో తెలిసిపోతుంది. తప్పు చేసిన పాత్రను రచయిత ఏ కంటితో చూశాడన్నది పట్టుకుంటే, ఆ పుస్తకం మంచిచెడ్డలు సగం తేలిపోయినట్టే. అదే కొలబద్ద ఇక్కడా పెట్టి చూద్దాం.

ఆట సంగతి బొత్తిగా తెలియని తల్లుల కోసం ముందు రెండు ముక్కలు. డోటా 2 అనండి, లీగ్ ఆఫ్ లెజెండ్స్ అనండి, కౌంటర్ స్ట్రైక్ అనండి, వాలరెంట్ అనండి. అలంకారాలు వేరు గాని తంతు దాదాపు ఒక్కటే. అటు అయిదుగురు, ఇటు అయిదుగురు. ఒకడు హైదరాబాదులో వుంటాడు, ఒకడు ముంబైలో, ఇంకొకడు సింగపూర్‌లో. ముఖాలు తెలియవు. పెట్టుకున్న మారుపేర్లు తప్ప అసలు పేర్లూ తెలియవు. పెళ్లిళ్ల పేరయ్య జాతకాలు పొంతన చూసినట్టు, కంప్యూటరే వాళ్ల వాళ్ల ఆట స్థాయి చూసి జట్టు కలుపుతుంది. ఒక్కొక్క ఆట అరగంట, ముప్పావు గంట సాగుతుంది. జట్టులో ఎవరి పని వాళ్లకు వుంటుంది. ఒకడు ముందుండి దెబ్బలు కాచుకోవాలి, ఒకడు వెనక నుంచి సాయం చెయ్యాలి, ఒకడు దారి కాయాలి. మామూలుగా ఆడే ఈ ఆటల్లో బల్ల మీద ఎదురుచూస్తూ కూర్చున్న అదనపు ఆటగాడంటూ వుండడు. పదకొండు మంది ఆడే ఫుట్‌బాల్‌లో ఒకడు పోతే పదిమందైనా మిగులుతారు. అక్కడ కూడా ఏడుగురికన్నా తగ్గితే ఆట సాగడానికి వీల్లేదని నియమం. ఇక్కడ ఒకడు పోయాడంటే జట్టులో అయిదో వంతు పోయినట్టు!

మధ్యలో లేచేవాడికి జరిమానా వెయ్యడం మనకేమీ కొత్త కాదు. పండుగ పూట మన ఇళ్లలో రమ్మీ ఆడతారు కదా. ముక్కలు పంచగానే చేతిలో ఏమీ కలవలేదనుకోండి, "డ్రాప్" అని పడేస్తే 20. కాసేపు ఆడి, లాభం లేదని మధ్యలో పడేస్తే 40. చివరిదాకా కూర్చుని ఏమీ కలవకుండా ఎదుటివాడు షో కొడితే ఫుల్ కౌంట్, 80. ఎంత చక్కటి లెక్కో చూడండి! తొందరగా తెలుసుకుని తప్పుకున్నవాడికి తక్కువ, ఆలస్యంగా తెలుసుకున్నవాడికి ఎక్కువ, మొండికేసినవాడికి అన్నిటికన్నా ఎక్కువ. మా పెద్దతరం వాళ్లు భగవద్గీత చదివి నేర్చుకున్నారో లేదో గాని, ఎప్పుడు వదులుకోవాలన్నది మాత్రం రమ్మీ ఆడి నేర్చుకున్నారు.

అయితే ఒక తేడా వుంది. రమ్మీలో ఎవరి ముక్కలు వాళ్లవి. బాబాయి డ్రాప్ అన్నాడని పిన్ని ముక్కలు పాడైపోవు. జట్టు ఆటలో అలా కాదు. లేచిపోయినవాడు తన ముక్కలతో పాటు మిగిలిన నలుగురి ముక్కలూ చింపి పారేసి పోతాడు. వాళ్ల అరగంట పోయింది. గెలిచే ఆట ఓడిపోయారు. ఆ ఓటమి వాళ్ల లెక్కలో పడింది. అవతలి అయిదుగురికీ గెలుపు దక్కిందే గాని ఆట దక్కలేదు. బ్యాటు తనదని చెప్పి, అవుటవగానే ఆ బ్యాటు చంకన పెట్టుకుని ఇంటికి పోయే కుర్రాడు ప్రతి వీధిలోనూ వుండేవాడు, గుర్తుందా? మర్నాడు వాణ్ణి ఆటకు పిలవకపోవడమే వాడికి శిక్ష. ముఖాలు తెలిసిన చోట అది సరిపోయింది. ముఖమే లేని చోట పిలవడం మానేయడం ఎలా? అందుకని ఆ పని యంత్రానికి అప్పగించారు. శిక్ష వుండి తీరాలి. అందులో నాకు పేచీ లేదు.

మా ఇంట్లోనూ ఇంజనీరింగు చదువుతున్న ఒక సుపుత్రుడున్నాడు. "అన్నం చల్లారిపోతోంది రారా" అంటే, "పది నిమిషాలమ్మా, ఇప్పుడు లేస్తే బ్యాన్ పడుతుంది" అంటాడు. తల్లి పిలుపుకు లేని భయం ఆ బ్యాన్‌కు ఎలా వచ్చిందా అని ఒకరోజు కూర్చోబెట్టి ఏ ఆటలో ఏ శిక్షో అన్నీ చెప్పించుకున్నాను. పరీక్షకు పాఠాలు అప్పజెప్పమంటే తడబడే పిల్లవాడు ఇవి మాత్రం గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాడు.

కౌంటర్ స్ట్రైక్‌లో ఏళ్ల తరబడి నడిచిన పద్ధతి ఇదీ. పోటీ ఆటలో మొదటిసారి వదిలేసి పోతే 30 నిమిషాలు ఆడటానికి వీల్లేదు. రెండోసారికి 2 గంటలు, ఆ తర్వాత 24 గంటలు, ఆ తర్వాత 7 రోజులు. మొదటి తప్పుకు గోడ దగ్గర నిలబెట్టి, చివరికి బడికి రావద్దనే మేష్టారి పద్ధతి అన్నమాట. నాకిది నచ్చింది. ఎందుకంటే మొదటిసారి లేచినవాడు దొంగో దొరో యంత్రానికి తెలియదు. కరెంటే పోయిందో, ఇంటర్నెట్టే తెగిందో, పక్కగదిలో తాతగారికి ఆయాసమే వచ్చిందో! తెలియదు కనుక చిన్న శిక్షతో సరిపెడుతుంది. కరెంటు ఒకసారి పోతుంది, రెండుసార్లు పోతుంది. వీడు ఓడిపోయే ప్రతిసారీ పోతే మాత్రం అది కరెంటు చేసిన పని కాదు.

డోటా 2 పద్ధతి వేరు. అక్కడ ఆటలోంచి తెగిపోయినవాడు అయిదు నిమిషాల పాటు తిరిగి రాకపోతే వదిలేసి పోయినట్టు లెక్క. అలా మళ్లీ మళ్లీ చేస్తే "లో ప్రయారిటీ" అనే వెనక బెంచీ మీద కూర్చోబెడతారు. ఆ బెంచీ మీద వుండేది ఎవరయ్యా అంటే, వీడిలాగే ఆటలు ఎగ్గొట్టినవాళ్లూ, నోటి దురుసు చూపినవాళ్లూను. వాళ్లతోనే జట్టు కట్టి కొన్ని ఆటలు గెలిస్తే గాని విముక్తి లేదు. పారిపోయేవాడికి పారిపోయేవాడే భాగస్వామి! ఈ శిక్ష రాసినవాడెవరో గాని హాస్యప్రియుడు. కాకపోతే వెనక బెంచీ వల్ల బాగుపడినవాళ్లెందరో, అక్కడ కొత్త విద్యలు నేర్చుకున్నవాళ్లెందరో ప్రతి బడిపంతులుకీ తెలుసు. మాట పడ్డవాడు నలుగురు మంచివాళ్ల మధ్య పడితే మారతాడు. తనలాంటి నలుగురి మధ్య పడితే లోకమంతా ఇంతేనని స్థిరపడిపోతాడు.

ఇక వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్. ఇది మరికాస్త పాత ఆట, 2004లో వచ్చింది. అందులో జట్టు పోరు మధ్యలో వదిలేసి పోయినవాడికి కొంతసేపటి వరకు ఒక ముద్ర పడుతుంది. ఆ ముద్ర పేరు "డిజర్టర్". సైన్యం విడిచి పారిపోయిన సిపాయి అని అర్థం. ఈ మాట దగ్గర నేను కాస్త ఆగాను. మొదటి ప్రపంచయుద్ధంలో సైన్యం విడిచిపోయారనీ, పిరికితనం చూపారనీ, అలాంటి ఇంకొన్ని నేరాల కిందా బ్రిటిష్ సైన్యం తన సిపాయిలనే కాల్చి చంపింది. వాళ్లలో బాంబుల మోతకు మతి చెదిరినవాళ్లు వున్నారు. ఎందుకు పారిపోయావని అడిగే తీరిక ఆనాడు ఎవరికీ లేకపోయింది. 2006లో బ్రిటిష్ పార్లమెంటు చట్టం చేసి 306 మందికి క్షమాభిక్ష ప్రకటించింది. అప్పటికి తొంభై ఏళ్లు గడిచిపోయాయి. ఆటకూ యుద్ధానికీ పోలికేమిటంటారు, నిజమే. పావుగంట, అరగంట ఆట బందుకూ ప్రాణం తియ్యడానికీ పోలిక లేదు. కాని ఆ మాటలో వున్న చూపు ఒక్కటే. పోయినవాడు నేరస్థుడు, ఎందుకు పోయాడన్నది అనవసరం.

అన్నీ ఇలాగే వున్నాయని నేను అనను. మంచిని మంచి అనకపోతే విమర్శకురాలినని చెప్పుకోవడం దండగ. ఈ నియమాల్లో మూడు నాకు నిజంగా ముచ్చట గొలిపాయి.

మొదటిది, మిగిలిపోయినవాళ్లను విడిచిపెట్టడం. డోటా 2లో ఒకడు వదిలేసి పోయాడని తేలగానే, ఇక మీరు కూడా వెళ్లవచ్చు, మీకు శిక్ష లేదని మిగిలినవాళ్లకు కబురొస్తుంది. లీగ్ ఆఫ్ లెజెండ్స్‌లో 2016 నుంచి మరో ఏర్పాటు వుంది. ఆట మొదట్లోనే ఒకడు రాలేదని తేలితే, వున్నవాళ్లు ఓటు వేసి ఆ ఆటను రద్దు చేసుకోవచ్చు. వాళ్లకు ఓటమి రాయరు. తప్పు చేసినవాణ్ణి కొట్టడం కన్నా నష్టపోయినవాణ్ణి ఆదుకోవడం ముందు జరగాలని ఎవరో ఆలోచించారు. మన పంచాయితీల్లో కూడా ఇంత తొందరగా తోచదు లెండి!

రెండోది, పరువుగా ఓడిపోయే దారి. అదే లీగ్ ఆఫ్ లెజెండ్స్‌లో పదిహేను నిమిషాలు గడిచాక అయిదుగురూ ఒప్పుకుంటే, ఇరవై నిమిషాలు దాటాక అయిదుగురిలో నలుగురు ఒప్పుకుంటే ఓటమి ఒప్పుకుని ఆట ముగించవచ్చు. ఒక్కడు దొడ్డిదారిన పోవడానికీ, అందరూ అనుకుని వీధి గుమ్మంలోంచి పోవడానికీ ఎంత తేడా వుంది!

మూడోది, తిరిగి వచ్చే తలుపు. తెగిపోయినవాడు తొందరగా వచ్చి కూర్చుంటే మళ్లీ ఆటలో చేరవచ్చు. డోటా 2లో అయితే ఆటనే కాసేపు ఆపి పట్టవచ్చు. ఎవరికో తలుపు తియ్యాలి, పాలు పొంగుతున్నాయి అంటే పదిమందీ కాసేపు ఓపిక పడతారు. లీగ్ ఆఫ్ లెజెండ్స్‌లో మామూలు ఆటలకు ఆ వీలు లేదు. రెంటిలో దేన్ని ఆడవాళ్లు రాశారో నాకు తెలియదు గాని, పాలు పొంగే ఇంట్లో వున్నవాళ్లు మాత్రం మొదటిదానికే ఓటేస్తారు.

ఇక నా అసలు ఫిర్యాదు.

ఈ శిక్షలు మొదట లెక్కపెట్టేది కుర్చీలో మనిషి వున్నాడా లేడా అన్నదే. కుర్చీలో వుండి ఏం చేస్తున్నాడన్నది తర్వాతి మాట. కదలకుండా కూర్చున్నవాణ్ణి కనిపెట్టే ఏర్పాట్లు వున్నాయి, నిజమే. కాని మూతి ముడుచుకుని అటూ ఇటూ తిరుగుతూ జట్టును ఓడించేవాడి సంగతేమిటి? మన భారతంలో కర్ణుణ్ణి చూడండి. భీష్ముడు తనను అర్ధరథుడన్నాడని అలిగి, ఆయన సేనాపతిగా వున్నంతకాలం యుద్ధం చెయ్యనన్నాడు. పదిరోజులు! అంతటి వీరుడు జట్టులో వుండీ లేనట్టే. ఇప్పటి యంత్రం అయితే కర్ణుడికి శిక్ష వేసేది. కాని సభలో నోరు జారిన తాతగారి జోలికి అంత తొందరగా పోయేది కాదు. అలిగి కూర్చున్నది తప్పే, కాదనను. అలిగేలా అన్న మాటను ఎవరు లెక్కలో వేస్తారు? అదీ నా ప్రశ్న.

ఆ ప్రశ్న పుట్టింది పురాణంలోంచి కాదు. మా స్నేహితురాలి కూతురొకమ్మాయి బి.టెక్. చదువుతోంది. ఇలాంటి ఆటే ఒకటి ఆడుతుంది, చాలా బాగా ఆడుతుందని మావాడే ఒప్పుకున్నాడు. మగపిల్లలు అంత మాట వూరికే ఒప్పుకోరు. ఒకనాడు ఆటలో మైకు పెట్టుకుని, "ఎడమవైపు ఇద్దరు వస్తున్నారు, చూసుకోండి" అన్నదట. ఆడగొంతు వినపడిందో లేదో, జట్టులో ఒకడు వంటింట్లోకి పొమ్మన్నాడు. ఇంకొకడు మరో మాట అన్నాడు. మూడోవాడు అన్నది ఆ పిల్ల వాళ్లమ్మకు కూడా చెప్పలేకపోయింది. నాలుగోవాడు నవ్వాడు. వాళ్ల గొంతులు వినపడకుండా చేసుకుంది. అప్పుడు ఆటలోనే ఆమెకు అడ్డం తిరిగారు. కాసేపు ఓర్చుకుని, కంప్యూటరు కట్టేసి లేచిపోయింది.

యంత్రం ఏం చేసిందనుకున్నారు? ఆ పిల్లకు ఆట బందు చేసింది. ఆ నలుగురికీ, "పాపం, మీ జట్టు మనిషి మిమ్మల్ని వదిలిపోయింది" అన్న సానుభూతి దక్కింది. నలుగురూ వెంటనే ఇంకో ఆటకు తయారయ్యారు. ఆ పిల్ల ఫిర్యాదు చేస్తే, "మీ ఫిర్యాదు అందింది" అని జవాబొచ్చిందట. అంతకు మించి ఏమీ రాలేదు.

ఇప్పుడామె ఆడటం మానలేదు. మైకు తీసేసి ఆడుతోంది. నోరు మూసుకుని పడివుండు అనే మాట మన అమ్మమ్మలు విన్నారు, అమ్మలు విన్నారు. ఆ మాట ఎవరూ అనకుండానే అమలయ్యే ఏర్పాటు మన పిల్లలకు దొరికింది! ఎడమవైపు ఇద్దరు వస్తున్నారని తెలిసి కూడా చెప్పలేని పిల్ల జట్టులో వుంటే నష్టం ఆమెకొక్కదానికేనా? ఆ నలుగురికీ కూడా.

కౌంటర్ స్ట్రైక్‌లో మరో వింత వుంది. జట్టులోవాళ్లు ఓటు వేసి తమలో ఒకరిని బయటికి గెంటవచ్చు. అలా పదే పదే గెంటించుకున్నవాడికి కూడా నిషేధం పడుతుంది. అల్లరివాణ్ణి వదిలించుకోవడానికి పెట్టిన నియమమే, దాని అవసరమూ నాకు తెలుసు. కాని నలుగురు ఒక్కటై ఒకరిని వెలివేస్తే ఆ ఒక్కరే తప్పు చేసి వుండాలని ఎక్కడైనా వుందా? మన వూళ్లలో వెలివేతల చరిత్ర తెలిసినవాళ్లెవరూ అలా అనరు.

"ప్రతివాడూ నన్ను ఎవరో తిట్టారు, అందుకే లేచిపోయానంటే యంత్రం ఎలా నమ్మాలి?" అని మీరడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. సాకులు చెప్పడంలో మనవాళ్లను మించినవాళ్లు లేరు. కాని క్రికెట్ చట్టం ఈ చిక్కును ఎప్పుడో విప్పింది. బ్యాటు పట్టినవాడు దెబ్బ తగిలో, జబ్బు చేసో, తప్పనిసరి కారణం వల్లో మధ్యలో వెళ్లిపోతే అవుట్ కాదు, మళ్లీ వచ్చి ఆడవచ్చు. ఏ కారణమూ లేకుండా వెళ్లిపోతే మాత్రం, ఎదుటి జట్టు కెప్టెన్ ఒప్పుకుంటేనే తిరిగి రావడం. లేకపోతే అవుటే. వెళ్లిపోవడం ఒక్కటే, కాని చట్టం కారణం అడిగి రెండు పేర్లు పెట్టింది. అడగడానికి అక్కడ అంపైరు అనే మనిషి వున్నాడు, అదీ తేడా.

ఆటల కంపెనీలకు కూడా మనిషిని పెట్టడం చేతకానిదేం కాదు. లీగ్ ఆఫ్ లెజెండ్స్ తయారుచేసిన రయట్ సంస్థ 2011లో "ట్రైబ్యునల్" అని ఒకటి పెట్టింది. ఫిర్యాదులు వచ్చినవాళ్లు ఆటలో రాసిన మాటలన్నీ ముందుపెట్టి, తోటి ఆటగాళ్ల చేతనే తీర్పు చెప్పించింది. శిక్షా, క్షమా అని ఓట్లు వేసేవాళ్లు. 2014లో దాన్ని ఎత్తేశారు. అదే సంస్థ 2021లో, వాలరెంట్ ఆటలో మాట్లాడుకునే మాటలను రికార్డు చేసి ఫిర్యాదులను పరిశీలించుకునేందుకు వీలుగా తన నియమాలు మార్చుకుంది. ఓవర్‌వాచ్ ఆటలో 2018 నుంచి, ఆట అయ్యాక మర్యాదగా ఆడినవాళ్లకు తోటివాళ్లు మెచ్చుకోలు ఇచ్చే ఏర్పాటు వచ్చింది. అంటే దారులు లేక కాదు. లేచిపోవడాన్ని లెక్కపెట్టడం చవక, కారణం వినడం ఖర్చు. అయిదు నిమిషాలను గడియారం కొలుస్తుంది. ఒక తిట్టును కొలవాలంటే భాష తెలియాలి. తెలుగులో తిడితే తెలుగు తెలియాలి!

మాట ఎంత పని చేస్తుందో చెప్పడానికి నాకు తెలిసిన మంచి ఉదాహరణ 1981 ఫిబ్రవరిలో మెల్‌బోర్న్‌లో జరిగింది. ఆస్ట్రేలియాతో టెస్టు. లిల్లీ బంతికి గవాస్కర్‌ను ఎల్బీడబ్ల్యు ఇచ్చారు. బంతి బ్యాటుకు తగిలిందని ఆయన వాదన. వెళుతూ వెళుతూ వెనక్కి తిరిగి, రెండోవైపు వున్న చేతన్ చౌహాన్‌ను కూడా తన వెంట రమ్మని తీసుకుపోయాడు. తనను ఆగ్రహం పట్టలేని స్థితికి తెచ్చింది అంపైరు వేలు కాదనీ, వెళుతుంటే ఎదుటివాళ్లు అన్న మాట అనీ ఆయన తర్వాత చెప్పాడు. ఇద్దరూ గీత దాటి వుంటే ఆట చేజారిపోయేది. గీత దగ్గర మన జట్టు మేనేజరు దుర్రానీ ఎదురొచ్చి చౌహాన్‌ను ఆపి వెనక్కి పంపాడు. ఆట సాగింది. గెలవడానికి 143 పరుగులు కావలసిన ఆస్ట్రేలియా 83కే కుప్పకూలింది. కపిల్ దేవ్ కాలినొప్పితోనే బంతి వేసి 28 పరుగులకు 5 వికెట్లు తీశాడు. 59 పరుగులతో గెలిచాం.

గవాస్కర్ చేసింది సరైన పనని నేననను. కాని ఆ రోజు మన ఆటను కాపాడినది నిషేధం కాదు, గీత దగ్గర నిలబడిన ఒక మనిషి. ఈ ఆటలకు కావలసింది అలాంటి మనిషే. లేచిపోయాక వెనకాల లాఠీ పట్టుకుని వచ్చేవాడి కన్నా, గుమ్మం దగ్గర ఒక్క క్షణం అడ్డం నిలబడి, "ఏమయింది? కరెంటా? ఇంట్లో ఎవరికైనా బాగాలేదా? ఎవరైనా ఏమైనా అన్నారా?" అని అడిగేవాడు. ఏమైనా అన్నారని జవాబొస్తే, ఆ ఆటలో వినిపించిన మాటలు ఎవరైనా చూసేదాకా ఆ శిక్షను పక్కన పెట్టండి. అబద్ధమని తేలితే రెట్టింపు వెయ్యండి, ఎవరొద్దన్నారు?

విరాటపర్వంలో ఉత్తరకుమారుడు అంతఃపురంలో ప్రగల్భాలు పలికి, కౌరవసేనను చూడగానే రథం మీంచి దూకి పరుగెత్తాడు. లేచిపోయినవాళ్లలో అతనికన్నా పాతకాపు ఎవరు? బృహన్నల వేషంలో వున్న అర్జునుడు వెంటపడి పట్టుకొచ్చాడు. పట్టుకొచ్చి ఏం చేశాడు? కొట్టలేదు, ఏడు రోజులు నిషేధించలేదు. నువ్వు యుద్ధం చెయ్యలేకపోతే రథం తోలు, యుద్ధం నేను చేస్తానన్నాడు. మనం ఉత్తరకుమార ప్రగల్భాలనే నానుడి ఒక్కటే గుర్తుంచుకుని, ఆ పిల్లవాడు చివరిదాకా రథం తోలిన సంగతి మరిచిపోయాం.

తల్లులకు ఒక్క మాట. మీ పిల్లవాడు ఆటలో వుండగా ప్లగ్గు పీకకండి. పీకితే శిక్ష పడేది వాడికే గాని, నష్టం ఎక్కడో వున్న నలుగురు తల్లుల పిల్లలకు కూడా. ఆట మొదలుపెట్టే ముందే అడగండి, ఇది ఎంతసేపు, భోజనానికి ముందా తర్వాతా అని. నలభై నిమిషాలు ఇవ్వగలిగితేనే మొదలుపెట్టమనండి. ముక్కూముఖం తెలియని నలుగురికి ఇచ్చిన మాట నిలబెట్టుకునే పిల్లవాడు రేపు తెలిసినవాళ్లకిచ్చిన మాటా నిలబెట్టుకుంటాడు. అలాగే మీవాడి గది తలుపు దగ్గర ఒకసారి నిలబడి వినండి, వాడు మైకులో ఏం మాట్లాడుతున్నాడో. ఎవరింటి ఆడపిల్లో లేచిపోవడానికి కారణం మీ ఇంట్లోనే కూర్చుని వుండవచ్చు.

ఏ ఇంట్లోంచి ఎవరు లేచిపోయినా ముందుగా వూరు తిట్టేది పోయినవాళ్లనే. ఆ ఇంట్లో అంతకు ముందు ఏం జరిగిందో అడిగేవాళ్లు వూరికొకరుంటే గొప్ప. ఆ అడగడం కోసమే మేము నవలలు రాస్తున్నాం. ఆటల నియమాలు రాసేవాళ్లు కూడా అప్పుడప్పుడూ ఒక నవల చదివితే బాగుంటుంది.